నడుం పట్టేసిన తెల్లవారుజాము

ధనుర్మాసం, ఇంకా వెలుగు రాలేదు. అమ్మ వాకిలి చిమ్మి, కళ్ళాపి బకెట్ ఎత్తడానికి వంగింది. బకెట్ సగానికి కాస్త పైన ఉంది, అంతే. "అబ్బా" అని ఒక్క మాట వినిపించింది. నేను బయటికి వచ్చేసరికి ఒక చెయ్యి అరుగుకు ఆనించి, రెండో చెయ్యి నడుం మీద వేసుకుని, వంగినది వంగినట్టే ఉండిపోయింది. లేవబోతే ప్రాణం పోతోంది, కూర్చోబోతే అంతకన్నా. తుమ్ము ఎక్కడ వస్తుందోనని ఊపిరి కూడా గట్టిగా తీసుకోవడం లేదు. నాన్నా నేనూ చెరోపక్కా పట్టుకుని మంచం దాకా తీసుకురావడానికి పది నిమిషాలు పట్టింది. వాకిట్లోంచి మంచానికి పదిహేను అడుగులు.

"బరువేం ఎత్తలేదురా, వంగానంతే." ఆ రోజంతా వచ్చిన వాళ్ళందరికీ అమ్మ చెప్పిన మాట ఇదే.

సాయంత్రం వెనకవీధి పెద్దమ్మను పిలిపించారు. ఆవిడ ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. అలా పుట్టినవాళ్ళు కాలు తాకిస్తే నడుం పట్టు వదులుతుందని మన ఊళ్ళలో ఎంత పాత నమ్మకమో తెలిసిందే. అమ్మను బోర్లా పడుకోబెట్టి, పెద్దమ్మ గోడ పట్టుకుని నిలబడి, కుడికాలి మడమతో నడుం మీద మూడుసార్లు మెల్లగా తాకింది. చంటిపిల్ల బుగ్గ తాకినంత మెత్తగా. అమ్మ మర్నాటికి మంచం దిగింది, వారానికి వంటింట్లో తిరిగింది. పై ఏడు సంక్రాంతి ముందు మళ్ళీ పట్టేసింది. మళ్ళీ పెద్దమ్మ వచ్చింది, మళ్ళీ తగ్గింది. ఆ పై ఏడూ అంతే.

పెద్దమ్మ కాలు మూడుసార్లూ పనిచేసింది. నొప్పి ప్రతిసారీ తిరిగొచ్చింది. ఫిజియోథెరపీ చదువుకున్నాక నాకు ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించడం అలవాటైంది. పది కిలోలు కూడా లేని బకెట్‌కి నడుం ఎందుకు పట్టేసింది? తగ్గిన నొప్పి ఎందుకు తిరిగొచ్చింది? ఈ అధ్యాయమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

మొదట బకెట్ లెక్క చూద్దాం. నడుం ముందుకు వంగినప్పుడు వెనక నుంచి లాగి పట్టుకునేవి వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండరాలు. ఇవి పూసల మధ్య కీలుకు వెనకగా సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. బకెట్ ఏమో ముందుగా అర మీటరు దూరంలో వేలాడుతోంది. తూనిక కాడకు ఒక పక్క 5 సెంటీమీటర్లు, రెండో పక్క 50 సెంటీమీటర్లు ఉంటే పొట్టి పక్కన పదింతలు వెయ్యాలి కదా. 8 కిలోల బకెట్‌కి నడుం కండరాలు 80 కిలోల బిగువు తెచ్చుకోవాలి. కానీ ఇది ఈ లెక్కలో చిన్న అంకె. వంగినప్పుడు తల, చేతులు, ఛాతీ కూడా ముందుకు వేలాడుతున్నాయి. 30 కిలోల పైశరీరం, పావు మీటరు దూరం అనుకుందాం. దానికి 150 కిలోల బిగువు కావాలి. ఉజ్జాయింపు లెక్కే గానీ విషయం అర్థమవుతుంది. మనం ఎత్తే అసలు బరువు మన ఒళ్ళే. పొట్టి చీపురుతో వాకిలి చిమ్మే ప్రతి ఇల్లాలూ ఉత్త చేతులతోనే ఆ 150 కిలోలను రోజూ ఎత్తి దించుతోంది. ఇదంతా ఎవరూ పనిగా లెక్కవెయ్యరు. నాకు అదే బాధ.

ఇంత భారాన్ని వెన్నెముక ఎముకల బలంతో మోస్తుందనుకుంటాం. నిజానికి కండరాలన్నీ తీసేసి ఉత్త ఎముకలు, డిస్కులు, వాటిని కట్టిన పట్టీలు మాత్రమే మిగిల్చిన నడుం భాగం మీద బరువు పెట్టి చూశారు. 9 కిలోలకే ఒరిగిపోయింది. 9 కిలోలకు నిలవని పూసల దొంతర వందల కిలోల ఒత్తిడిని తట్టుకుంటోందంటే ఆ ఘనత చుట్టూ ఉన్న కండరాలది. పందిరి గుంజను నాలుగు పక్కలా తాళ్ళు లాగి కట్టినట్టు ఇవి పూసలను నిలబెడతాయి. ఒక తాడు వదులై, ఎదుటి తాడు బిగుసుకుంటే గుంజ ఒరుగుతుంది. ఏల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనోహర్ పంజాబీ 1992లో ఈ ఏర్పాటును మూడు భాగాలుగా విడదీసి చెప్పారు: ఎముకలూ పట్టీలూ ఒకటి, కండరాలు రెండోది, ఏ కండరం ఎప్పుడు ఎంత బిగియాలో చెప్పే నాడీవ్యవస్థ మూడోది. మొదటిది కాస్త దెబ్బతింటే మిగతా రెండూ సర్దుకుంటాయి. సర్దుకోలేని క్షణం ఒకటి వస్తుంది.

ఆ క్షణం ఎలా ఉంటుందో అనుకోకుండా ఒకసారి ఎక్స్‌రే వీడియోకు చిక్కింది. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ మెక్‌గిల్, చోలెవికీ అనే పరిశోధకులు బరువులెత్తే క్రీడాకారుల నడుములను ఎక్స్‌రేతో చిత్రీకరిస్తున్నారు. వాళ్ళలో ఒకరికి బరువు ఎత్తుతూండగానే నడుంలో కలుక్కుమంది. వీడియో చూస్తే మిగిలిన పూసలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకే ఒక్క కీలు మాత్రం హద్దు దాటి అరడిగ్రీ పైచిలుకు ఎక్కువగా వంగింది. అంతే. దాన్ని పట్టి ఉంచాల్సిన చిన్న కండరం ఆ రెప్పపాటులో తన వంతు పని అందుకోలేకపోయి ఉండాలి.

క్రీడాకారుడి సంగతి సరే. పెన్సిలు తీయడానికి, చెప్పు పట్టీ పెట్టుకోవడానికి, పళ్ళు తోముకుంటూ ఉమ్మడానికి వంగినా ఇదెందుకు జరుగుతుంది? పెద్ద బరువు ఎత్తేముందు ఒళ్ళు దానంతటదే సిద్ధమవుతుంది. ఊపిరి బిగబట్టి, పొట్ట గట్టిపరుచుకుని అప్పుడు వంగుతాం. చిన్న పనికి ఆ సన్నాహం ఉండదు. తాళ్ళన్నీ వదులుగా ఉన్నప్పుడే గుంజ కదులుతుంది. "బరువేం ఎత్తలేదురా" అని అమ్మ ఆశ్చర్యపోయిందే, జవాబు కూడా ఆ మాటలోనే ఉంది.

ఇక ఆ సమయం. నొప్పి తెల్లవారుజామునే రావడం కాకతాళీయం కాదు. పూసల మధ్య ఉండే డిస్కులు రాత్రంతా నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న లేవగానే మనం సాయంత్రం కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉంటాం. ఆ పొడుగులో సగం పైగా లేచిన మొదటి గంటలోనే పోతుంది. నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్న డిస్కును వంచితే ఏమవుతుందో బ్రిటన్ పరిశోధకులు 1987లో కొలిచారు. సాయంత్రంతో పోలిస్తే పొద్దున్నే వంగినప్పుడు డిస్కు మీద పడే వంపు ఒత్తిడి సుమారు నాలుగు రెట్లు, పట్టీల మీద దాదాపు రెండింతలు. మన ఆడవాళ్ళు సరిగ్గా ఆ గంటలోనే వాకిలి చిమ్ముతారు, కళ్ళాపి చల్లుతారు, నడుం దగ్గర మడిచినట్టు వంగి ముగ్గు పెడతారు. ధనుర్మాసంలో ముగ్గులు పెద్దవి, చలి ఎక్కువ, కండరాలు బిర్రుగా ఉంటాయి. అమ్మకు మూడేళ్ళూ ఆ నెలలోనే పట్టేసిందంటే నాకు ఇప్పుడు వింతగా లేదు.

ఇంకో సంగతి వరినాట్లకు వెళ్ళేవాళ్ళకూ, బస్సులో రాత్రంతా ముడుచుకుని కూర్చునేవాళ్ళకూ తెలియాలి. బాగా ముందుకు వంగితే ఒక హద్దు దాటాక వెన్ను కండరాలు పని ఆపేస్తాయి. వాటిలోని విద్యుత్తును కొలిచే యంత్రం మీద గీత చదునైపోతుంది. భారం అంతా పట్టీల మీద వేలాడుతుంది. పట్టీలు తడిసిన నులకలా మెల్లగా సాగుతాయి. 20 నిమిషాలు పూర్తిగా వంగి ఉన్నవాళ్ళను లేపి చూస్తే, 2 నిమిషాలకు సాగినదాంట్లో సగమే వెనక్కి వచ్చింది. అరగంటకు కూడా కొంత మిగిలే ఉంది. సాగిన పట్టీ కీలును సరిగ్గా పట్టుకోదు, మెదడుకు సరైన కబురూ పంపదు. పొలంలో గంటసేపు నాటి లేచి వెంటనే నారుకట్ట ఎత్తినా, రాత్రి బస్సు దిగీ దిగగానే డిక్కీలోంచి సూట్‌కేసు లాగినా నడుం పట్టేది అందుకే. లేచి ఒక రెండు నిమిషాలు నిలబడాలి, చేతులు పైకి చాపాలి, నాలుగడుగులు వెయ్యాలి. తర్వాతే బరువు.

కీలు హద్దు దాటిన మరుక్షణం చుట్టూ ఉన్న పెద్ద కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. మనం "పట్టేసింది" అనేది దీన్నే. చెయ్యి విరిగితే బద్దలు కట్టి కట్టు కడతారే, ఆ కట్టులాంటిదే ఇది. కీలు ఇంక కదలకుండా ఒళ్ళు తనకు తాను వేసుకున్న కట్టు. ఒకపక్క ఎక్కువ బిగుసుకుంటే మనిషి నిలువునా ఒక వైపు ఒరిగిపోతాడు. చూసినవాళ్ళు ఎముక జరిగిందనుకుంటారు, నరం మీద నరం ఎక్కిందనుకుంటారు. ఏదీ జరగలేదు, ఏదీ ఎక్కలేదు. చిక్కల్లా ఆ కట్టే ఎక్కువ నొప్పి పెట్టడం. బిగుసుకున్న కండరానికి రక్తం సరిగా ఆడదు, ఆ నొప్పికి భయపడి మనిషి మరింత బిగుసుకుంటాడు. భయం ఇక్కడ చాలా పని చేస్తుంది. అందుకే నడుం పట్టేసిన మనిషికి నేను మొదట చెప్పే మాట: మీ నడుం విరగలేదు, కాపలా కాస్తోంది.

మరి కండరాల పొత్తు ఎక్కడ చెడింది? ఈ ప్రశ్నను జీవితాంతం పట్టుకుని తిరిగిన వైద్యుడు వ్లదిమీర్ యాండా. చెక్ దేశస్థుడు, 1928లో పుట్టారు. పదిహేనేళ్ళప్పుడు పోలియో వచ్చి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. మళ్ళీ నడవడం నేర్చుకున్నారు. ఏ కండరం పని చెయ్యకపోతే దాని పని ఏది నెత్తిన వేసుకుంటుందో తన ఒంట్లోనే చూసిన మనిషి. నడుం దగ్గర ఆయన ఒక అడ్డగుర్తు గీశారు. ముందు తొడను పైకెత్తే కండరాలు, వెనక నడుం కండరాలు బిర్రుగా ఉంటాయి. పొట్ట కండరాలు, పిరుదుల కండరాలు బద్ధకిస్తాయి. రెండు గీతలూ కటి దగ్గర కలుస్తాయి.

ఇందులో పిరుదుల సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. ఒంట్లో అతి పెద్ద కండరం అది. వంగి లేచేటప్పుడు భారం ఎత్తాల్సింది అదే. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో దాన్ని పరుపులా వాడుకుంటే లేచే పని నడుం మీద పడుతుంది. ఉమ్మడి కుటుంబంలో బలంగా ఉన్నవాడు చావడిలో పడుకుంటే బక్కవాడు మోట తోలినట్టు. చూడాలంటే వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి పిరుదులు పైకెత్తండి. పిరుదు గట్టిపడకుండా తొడ వెనక కొంకర్లు పోతుంటే పని ఎవరు చేస్తున్నారో తెలిసిపోతుంది. తొడను ఎత్తే సోయస్ అనే కండరమైతే నేరుగా నడుం పూసల నుంచే మొదలవుతుంది. అది బిర్రుగా ఉంటే నిలబడినప్పుడు నడుమును ముందుకు లాగుతుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. యాండా గీసిన బొమ్మ చూడగానే నచ్చుతుంది గానీ దాంతో అందరి నొప్పినీ లెక్కగట్టలేం. కటి ముందుకు వాలి, నడుం వంపు లోతుగా ఉండి, ఏ నొప్పీ లేకుండా బతికేవాళ్ళు బోలెడంతమంది. నిటారుగా ఉండీ నొప్పితో అల్లాడేవాళ్ళూ ఉన్నారు. అద్దం ముందు నిలబడి మీ వంపు చూసుకుని జబ్బు ఉందని తేల్చుకోకండి. ఆ బొమ్మలో నేను తీసుకునేది పని పంపకం గురించిన ఆలోచన మాత్రమే. ఎవరు ఎక్కువ మోస్తున్నారు, ఎవరు ఊరుకున్నారు అన్న ప్రశ్న.

ఇప్పుడు మీ రెండు బొటనవేళ్ళూ వెనక్కి పెట్టి, నడుం దగ్గర వెన్నుపూసలకు అటొకటి ఇటొకటి, రెండు వేళ్ళ దూరంలో నొక్కి పట్టుకోండి. కొద్దిగా ముందుకు వాలండి. వేళ్ళ కింద తాళ్ళు బిగుసుకున్నట్టు తెలుస్తుంది. నిటారుగా రండి, మెత్తబడతాయి. ఉన్నచోటే అడుగులు వేస్తే ఒక పక్క బిగుస్తూ రెండో పక్క సడలుతూ, కుడీ ఎడమా వంతులు వేసుకుంటాయి. ఆ తాళ్ళ అడుగున, పూసలకు ఆనుకుని మల్టీఫిడస్ అనే కండరం ఉంది. పొట్టి పొట్టి పోగులుగా పూసకీ పూసకీ మధ్య అల్లుకుని ఉంటుంది. ఒక్కొక్క కీలునూ విడిగా పట్టి ఉంచే పని దానిది.

ఆస్ట్రేలియాలో జూలీ హైడ్స్ 1994లో తొలిసారి నడుం పట్టేసినవాళ్ళ మల్టీఫిడస్‌ను అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. నొప్పి ఉన్న పక్క, ఆ ఒక్క పూస దగ్గర, కండరం రెండో పక్క కన్నా 31 శాతం చిక్కిపోయి ఉంది. ఏళ్ళ తరబడి కాదు, నొప్పి మొదలైన రోజుల్లోనే. ఎక్కడ కాపలా ఎక్కువ కావాలో అక్కడే కాపలాదారు కూలబడ్డాడు. 1996లో ఇంకొంత ముందుకు వెళ్ళి 39 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు దాంతోపాటు ఆ చిన్న కండరాన్ని మళ్ళీ పనిలో పెట్టే వ్యాయామం. నాలుగు వారాలకు రెండు జట్లలోనూ నొప్పి దాదాపు పోయింది. కానీ మామూలు వైద్యం పొందినవాళ్ళ కండరం పది వారాలకు కూడా కోలుకోలేదు. నొప్పి లేదు, పనికి పోతున్నారు, ఆడుకుంటున్నారు, లోపల ఆ పూస దగ్గర మాత్రం తాడు వదులుగానే ఉంది. ఏడాదిలో వాళ్ళలో 84 శాతం మందికి మళ్ళీ పట్టేసింది. వ్యాయామం చేసినవాళ్ళలో 30 శాతానికి.

39 మంది చిన్న లెక్కే. తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఈ ఒక్క వ్యాయామానికే ప్రత్యేక మహిమ ఉందని తేలలేదు, ఏదో ఒక వ్యాయామం క్రమంగా చేస్తే మేలని తేలింది. అయినా ఆ ఫలితం చదివిన రోజు నాకు పెద్దమ్మ మడమ కళ్ళముందు కదిలింది. నొప్పి తగ్గడానికి ఆ మడమ అవసరం లేదు. 2014లో ఆస్ట్రేలియాలోనే 1,600 మందికి పైగా నడుం పట్టేసినవాళ్ళకు కొందరికి పారాసెటమాల్, కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. మందు వాడినవాళ్ళలో సగం మంది 17 రోజులకు కోలుకున్నారు, ఉత్త మాత్ర మింగినవాళ్ళలో సగం మంది 16 రోజులకు. ఒళ్ళు తన పని తాను చేసుకుపోతుంది. ఆ రోజుల్లో ఎవరు తాకితే వాళ్ళకు పేరొస్తుంది. పెద్దమ్మ మెత్తని మడమ, "తగ్గుతుందిలేవే" అన్న మాట అమ్మ భయాన్ని తగ్గించి ఉంటాయి, అదీ తక్కువేం కాదు. ఇప్పుడు కొందరు నడుం మీద ఎక్కి తొక్కించుకుంటున్నారు, పట్టి విరిపించుకుంటున్నారు. అది మాత్రం వద్దు.

డిస్కు మాటేమిటని అడుగుతారు. 1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు జారిన డిస్కు నరాన్ని నొక్కడం వల్ల కాలిలోకి నొప్పి పాకుతుందని చూపించారు. అది నిజమే, కొందరిలో. అప్పటి నుంచి ప్రతి నడుంనొప్పికీ డిస్కే దోషి అయి కూర్చుంది. పెద్ద కవర్లో ఎమ్మారై ఫిల్ములు పట్టుకుని, "ఎల్4-ఎల్5 బల్జ్ అంట" అని వణికే గొంతుతో చెప్పేవాళ్ళను చూస్తుంటాను. 1994లో నడుంనొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. తల నెరవడం లాంటిది అది. నెరిసిన వెంట్రుక ఎమ్మారైలో కనిపించదు కాబట్టి ఎవరూ దానికి ఆపరేషన్ అడగరు.

కానీ ఎమ్మారై, రక్తపరీక్ష తప్పనిసరైన సందర్భాలు ఉన్నాయి. ఇక్కడ నెమ్మదిగా చదవండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలవిసర్జన అదుపు తప్పినా, గుర్రపు జీను మీద కూర్చుంటే ఆనే చోటంతా మొద్దుబారినా, కాలు ఈడ్చుకుపోతున్నా గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. తెల్లారేదాకా ఆగకూడదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే మన దేశంలో మొదట గుర్తురావాల్సింది వెన్నుపూస క్షయ. మందులకు లొంగే జబ్బు, ఆలస్యమైతే కాళ్ళు పడిపోయే జబ్బు. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్ళు, ఏళ్ళుగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళు, పడి దెబ్బ తగిలినవాళ్ళు, ఎముకలు గుల్లబారిన వయసువాళ్ళు కూడా ముందు వైద్యుణ్ణి కలవాలి. నడుం పక్కన మొదలై గజ్జల్లోకి దిగుతూ, ఏ భంగిమలోనూ కుదురుగా ఉండనివ్వని నొప్పి కిడ్నీలో రాయిది కావచ్చు. ఇవేవీ లేకపోతే, ఎక్కువమందికి ఉండవు, కింది మాటలు మీకోసం.

పట్టేసిన గంటలో నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి పిక్కలు కుర్చీ మీద పెట్టుకోండి. తొడలు నిలువుగా, పిక్కలు అడ్డంగా. సోయస్ వదులై, నడుం నేలకు ఆనుతుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, చెయ్యి పైకి లేచేలా మెల్లగా ఊపిరి పీల్చి వదలండి. పది నిమిషాల్లో మొదటి బిగువు కాస్త సడలుతుంది. ఇలా నేల మీద పడుకోలేకపోతే పక్కకు తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. లేచేటప్పుడు నేరుగా లేవకండి. ఒళ్ళంతా ఒక దుంగలా పక్కకు దొర్లి, మోకాళ్ళు ముడుచుకుని చేతులతో నేలను నెట్టి లేవండి. వేడినీళ్ళ సంచి, ఉప్పుమూట, వావిలాకు కాపడం ఏదైనా సరే. వేడి కొంత ఉపశమనం ఇస్తుందని పరీక్షల్లోనూ తేలింది. చర్మం కమలకుండా చూసుకోండి, షుగర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కొన్నాళ్ళు పనికొస్తాయి గానీ కిడ్నీ, గుండె, బీపీ, కడుపులో పుండు ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా మందులషాపులో కొనుక్కోకూడదు.

మంచం మాత్రం పట్టకండి. ఈ ఒక్క మాట మీద వైద్యశాస్త్రం నిలువునా తిరగబడింది. ఒకప్పుడు రెండు వారాలు కదలొద్దనేవారు. 1995లో ఫిన్లాండ్‌లో 186 మంది ఉద్యోగుల్లో కొందరికి రెండు రోజులు మంచం మీద విశ్రాంతి, కొందరికి నడుం వ్యాయామాలు, మిగిలినవాళ్ళకు ఓర్చుకోగలిగినంత మేర మామూలుగా తిరగమని చెప్పారు. అందరికన్నా త్వరగా కోలుకున్నది తిరిగినవాళ్ళు. అందరికన్నా ఆలస్యం మంచం పట్టినవాళ్ళు. మొదటి రోజు ఇంట్లోనే గంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడవండి. నొప్పి కాస్త ఉంటుంది, అది హాని కాదు. నొప్పి నడుం దగ్గరే ఉన్నా, లేదా కాలి నుంచి నడుం వైపు వెనక్కి తగ్గుతున్నా మంచిదే. నడుం నుంచి పిక్కలోకి, పాదంలోకి పాకుతుంటే ఆ కదలిక ఆపండి.

అసలు పని నొప్పి తగ్గాక మొదలవుతుంది. అందరూ మానేసేదీ అప్పుడే. మెక్‌గిల్ ఎంచిన మూడు వ్యాయామాలను నేను మా వాళ్ళకు చెబుతాను. మొదటిది, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, నడుం కింద రెండు చేతులూ పెట్టుకుని, తలా భుజాలూ నేల నుంచి బెత్తెడు మాత్రమే లేపడం. రెండోది, పక్కకు తిరిగి మోచెయ్యి, మోకాలు ఆన్చి నడుం లేపి ఉంచడం. మూడోది, పిల్లల ఏనుగాటలోలా చేతులూ మోకాళ్ళ మీద ఉండి కుడిచెయ్యి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాపడం, తర్వాత చేతులు మార్చడం. నడుం మీద చెంబు పెడితే ఒలకనంత కుదురుగా ఉండాలి. ప్రతిదీ ఎనిమిది పది సెకన్లు పట్టి ఉంచి వదలడం. ఎక్కువసేపు బిగపట్టడం కన్నా ఎక్కువసార్లు చెయ్యడం మేలు. వీటికి పిరుదులు పైకెత్తే వ్యాయామం చేర్చండి. ఒక మోకాలు నేలకు ఆన్చి రెండోది ముందుకు పెట్టి, వెనక తొడ ముందుభాగం సాగేలా అరనిమిషం ఉండటం కూడా.

ఇవేవీ కుదరదంటారా, నడవండి. 2024లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో నొప్పి తగ్గిన 701 మందిలో కొందరికి మెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదుసార్లు అరగంట నడిచే పద్ధతి నేర్పారు. నేర్పనివాళ్ళలో సగం మందికి 112 రోజుల్లో నొప్పి తిరిగొస్తే, నడిచినవాళ్ళలో సగం మందికి తిరిగి రావడానికి 208 రోజులు పట్టింది. పైసా ఖర్చు లేని మందు.

వంగే తీరు మార్చుకోవడం వీటన్నిటికన్నా కష్టం. నడుం దగ్గర కాక తొడ కీళ్ళ దగ్గర వంగాలి. గోడకు వీపు పెట్టి జానెడు ముందుకు నిలబడి, పిరుదులతో గోడను తాకడానికి వెనక్కి జరగండి. మోకాళ్ళు కొద్దిగా ముడుచుకుంటాయి, వీపు బల్లలా ఉంటుంది. అదీ వంగడం. అమ్మకు ఇది నేర్పడానికి నాకు నెల పట్టింది. అరవయ్యేళ్ళ అలవాటు. మొదటి వారం "ఇదేం నాట్యంరా" అంది. ఏనుగాట వ్యాయామం చేస్తుంటే నా చిన్నకూతురు వీపెక్కడానికి వచ్చేది. మూడో వారం ఒకరోజు వంటింట్లో గట్టుకు ఆనుకుని, బొటనవేళ్ళు నడుం వెనక పెట్టుకుని, ఉన్నచోటే అడుగులు వేస్తూ కనిపించింది. "ఎడంపక్క ఇంకా మెత్తగా ఉందిరా" అంది.

ఇప్పుడు వాకిలికి పొడుగు కర్ర చీపురు వచ్చింది. కళ్ళాపికి బకెట్ పోయి చిన్న చెంబు వచ్చింది, రెండుసార్లు ఎక్కువ తిరుగుతుంది. తర్వాతి రెండు ధనుర్మాసాలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. మూడోదాంట్లో ఒకరోజు కాస్త పట్టినట్టుంటే కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని పడుకుని, లేచి వీధి చివరిదాకా నడిచొచ్చింది. రెండు రోజులకు పోయింది. పెద్దమ్మ చూడటానికి వస్తే కాఫీ పెట్టి ఇచ్చింది.

అమ్మ ఇప్పుడు లేచిన గంట దాకా వంగదు. కాఫీ తాగి, పాలు కాచి, కాసేపు వీధిలో తిరిగి అప్పుడు ముగ్గుడబ్బా తీస్తుంది. మోకాలి మీద ఎడమచెయ్యి ఆనించుకుని చుక్కలు పెడుతుంది. మా వీధిలో ఆఖరున పడే ముగ్గు అదే, ఆరున్నరకి.